లోపల వదిలిన గుడ్డ

మాఘమాసంలో ఒక పెళ్లికూతురు
ఎవరిదో రవిక తొడుక్కొని పీటల మీద కూర్చుంది.
తప్పు నాదే.
అవిలాల సులోచనమ్మ పది రోజుల ముందే చెప్పిపోయింది.
చాక్‌పీసుతో మిషను బల్ల మీద రాసుకున్నా.
సాయంత్రం గుడ్డపేలికలు ఊడుస్తా ఊడుస్తా
ఆ తేదీని కూడా ఊడ్చేసినా.

ఆమె తిట్టలేదు. అదే నొప్పి.
కత్తెర పడని పట్టుగుడ్డ మడిచి సంచిలో పెట్టుకొని
"పనెక్కువైనట్టుంది రెడ్డెమ్మా" అనేసి
కొర్లగుంట మలుపు దాకా
వెనక్కి చూడకుండా పోయింది.

బంగారంగడి వాళ్లు ఊరికే ఇచ్చిన డైరీ ఒకటి ఉండాది.
అట్ట మీద వడ్డాణం, లోపల రాహుకాలం,
రోజుకొక పేజీ, అన్నీ ఒకే కొలత.
ఆషాఢంలో ఈగలు తోలుకునే రోజుకీ అంతే జాగా,
గంగజాతర ముందర పదమూడు జాకెట్ల రోజుకీ అంతే జాగా.
రెడీమేడు ఎవరికి సరిపోయింది గనక?
చంక దగ్గర పట్టేస్తాది, నడుం దగ్గర వేలాడతాది.

అందుకని నేనే కుట్టుకున్నా.
యూనివర్సిటీ దగ్గర జెరాక్సు అంగట్లో
ఒకపక్క మసిబారి పాడైన కాగితాలు తూకానికి తెచ్చినా.
వాటి వీపంతా తెలుపే.
అట్టకు కాలరు కేన్వాసు,
దాని మీదికి ఎవరి లంగాలోనో మిగిలిన వంకాయరంగు అంచు.
వెన్నుకు దారం వెయ్యలేదు, ఎలాస్టిక్ వేసినా.
నాలుగు కాగితాలు మడిచి దాని కిందికి దూరిస్తే ఒక వారం.
లాగితే వస్తాది.
ముహూర్తం మారిందంటే వారం వారమే లేచిపోయి
ఇంకోచోట కూర్చుంటాది, నోరు మెదపకుండా.
బట్టలు ఇచ్చేసిన రోజుకు మూల కత్తిరిస్తా.
ఆ చప్పుడు నాకిష్టం.

పెరిగే పిల్లకు కుట్టేటప్పుడు
లోపల రెండువేళ్ల గుడ్డ వదలాల.
నా రోజులకూ అట్లానే వదిలినా.
కరెంటు పోయే గంటకు కొంచెం,
"అక్కా, ఈ హుక్కొక్కటే" అని వచ్చి
గంటసేపు అత్తమీద చెప్పేవాళ్లకు కొంచెం.
సులోచనమ్మ మళ్లీ రాలేదు.
చివర్లో ఆమెకని ఒక వారం మడిచి ఉంచినా, ఖాళీగా.

ఒక కాగితం మాత్రం యాడా నిలవలేదు.
"కంటాసుపత్రి" అని ఒకే మాట.
సూదిలోకి దారం ఎక్కించను
నగీనాను కేకెయ్యడం మొదలైనప్పుడు రాసింది, చైత్రంలో.
పెళ్లిళ్లని వైశాఖం దాటించినా.
శ్రావణంలో ఊపిరాడదని దసరా తర్వాతికి పెట్టినా,
దసరా పోయినాక కార్తీకానికి.
జరిపి జరిపి మడత దగ్గర పీచు లేచింది.
ఎంత మెత్తని పుస్తకం నాది!
ఎట్లా వంచితే అట్లా వంగుతాది,
ఎందుకని ఒక్కమాట అడగదు.

నగీనా కూడా అడగలేదు.
నిన్న నేను బటన్లకని గాంధీరోడ్డుకు పోయొచ్చే లోపల
ఆ కాగితాన్ని ఈ గురువారం మీద పెట్టి
మిషను కింద తోసి
నాలుగు పక్కలా కుట్టేసింది.
తెల్లకాగితానికి తెల్లదారం.
మూలల్లో వెనక్కి తిప్పి గట్టికుట్టు కూడా.

పందొమ్మిదేళ్ల పిల్ల.
వేలితో తడిమి చూసినా: యాడా వంకర పోలేదు,
ఆవగింజలు వరసగా పేర్చినట్టుండాది.
విప్పాలంటే ఎంతసేపు?
ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల కుట్లు విప్పినదాన్ని.
బ్లేడు సొరుగులోనే ఉండాది.
తీసినా. కాగితాన్ని వాకిట్లో వెలుగుకు పట్టినా,
దగ్గరికి తెచ్చి, దూరంగా జరిపి.

అంత సన్నకుట్టు
నాకిప్పుడు ఆనడం లేదు.