ఎడమ కాలి బాకీ

శాసనసభ నెత్తిమీద గడియారం ఎదురు తిరుగుతుంది.
పదకొండు ఉండాల్సిన చోట ఒకటి.
ఊరికి కొత్తవాళ్ళు మెడలు సాచి చూసి నవ్వుకుంటారు.
మేం నవ్వం. భూగోళం ఈ అడుగుభాగాన
నీడ నడిచేది అటే,
దానికెవరూ ప్రదక్షిణం నేర్పలేదు.

రాజధాని మాదే అంటాం.
కాదు మాదని సూక్రె వాళ్ళు కాగితం చూపిస్తారు.
కాగితం వాళ్ళది, పావురాలు మావి.

నేను మురిల్లో చౌకులో బూట్లు తుడుస్తాను.
మొహానికి ఉన్ని ముసుగు, కళ్ళకి రెండు కంతలు.
చలికని చెబుతాను.
రాత్రి కాలేజీలో నా పక్క బెంచీవాడు
ఓ పొద్దున నా పెట్టెమీద కాలు పెట్టి
ఫోన్లో ఎవరికో నా గురించే చెప్పాడు,
అప్పడిగితే పైసా రాల్చని పిసినారి అని.
వాడి మడమ దగ్గర ఇంకొంచెం గట్టిగా రుద్దాను.

మొహాలు నాకు తెలీవు. మడమలు తెలుసు.
గుమాస్తాలకి లోపలివైపు అరుగుతాయి.
కోర్టుల చుట్టూ తిరిగేవాళ్ళకి ముందు తోలు మడత పడుతుంది.
ఎల్ ఆల్తో నుంచి దిగొచ్చినవాళ్ళ కుట్లలో మన్ను,
ఎంత తుడిచినా ఇంకొంత.

చర్చి మెట్ల దగ్గర కసిమిరా
పావురాలకి వేసే మొక్కజొన్న అమ్ముతుంది.
వీపున చారల దుప్పటి మూటలో ఏడు నెలల పిల్లాడు.
మా అయిమారాలో గడిచింది కళ్ళ ముందుంటుంది,
చూసేశాం కాబట్టి.
రాబోయేది వీపు వెనక.
అవ్వ ఈ మాట అన్నప్పుడల్లా
సరే సరే అన్నాను, బంగాళాదుంపల తొక్క తీస్తూ.

ఆ గురువారం గనివాళ్ళు దిగారు.
ముందు రెండు వీధుల అవతల డైనమైటు,
ఎవరో ఇనప తలుపు దబాల్న వేసినట్టు.
తర్వాత నిజంగానే తలుపులు.
పావురాలన్నీ ఒక్కసారి లేచాయి,
చౌకుకి చౌకే రెప్ప కొట్టినట్టు.
కుడి కాలు అయింది, ఎడమది పెట్టాల్సి ఉంది,
బూడిదరంగు సూటాయన లేచి పరిగెత్తాడు
ఒక కాలు అద్దం, ఒక కాలు దుమ్ము,
పోలీసుల వరస సందులోంచి మాయం.
డబ్బులివ్వలేదు.

పొగ ముందు నాలిక మీదికొస్తుంది, తర్వాతే కంట్లోకి.
కసిమిరా గింజల బుట్ట వదిలేసి చర్చి గుమ్మంలో నిలబడింది,
రెండు చేతులూ వెనక్కి చాపి మూటని అదిమి పట్టుకుని,
కళ్ళు తెరవలేక.
"వెనక్కొచ్చి చూసి చెప్పు, వాడు మేలుకున్నాడా?"

దుప్పటి అంచు ఎత్తాను.
నల్లగా, తడిగా రెండు కళ్ళు
నా రెండు కంతల్లోకి.
ఏడవలేదు. ముసుగు అంచు దొరకబుచ్చుకుని లాగాడు.
నాలుగేళ్ళుగా ఈ చౌకులో ఎవరూ చూడని నా గడ్డం
వాడు చూశాడు.
"మేలుకున్నాడు," అన్నాను దగ్గుతూ.

మూడు వారాలకి బూడిదరంగు సూటు మళ్ళీ వచ్చింది.
రెండు బూట్లకీ ఒకటే దుమ్ము.
అలవాటుగా కుడి కాలు పెట్టాడు.
"అది అయిపోయింది సార్."
ఆయన గడియారం వంక చూశాడు, నా వంక చూశాడు,
లెక్క తేలలేదు.
అవతల కసిమిరా పొట్లాలు కడుతోంది,
మూటలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి
దేన్నో పిలుస్తోంది, పావురాన్నో, నన్నో.
ఎడమ కాలు మెల్లగా పెట్టెమీదికి వచ్చింది.