ముందు గాలొస్తది

కరీమాబాద్‌ల ఇరవై రెండేండ్ల సంది
నీళ్లు ఇడిసేటోణ్ణి.
భుజమ్మీద ఇనుప తాళం,
తెల్లారకముందే గల్లీ మొగల గుంతకు వంగి
పదకొండు చుట్లు తిప్పుత.
ఉర్సు గుట్ట దిక్కు నలభై నిమిషాలు,
కింది బజారుకు గంట.
తిప్పంగనే నీళ్లు రావు.
ముందు గాలొస్తది,
నల్లా గొంతుల బుస్సుమంటది.
బిందెలు పెట్టిన ఆడోళ్లు
"వచ్చినై, వచ్చినై" అంటరు,
ఇంకా రాకముందే.

శ్రావణంల ఓ ఆదివారం
పంపుహౌజు కొంరెల్లి, మీటర్ల ఖాదర్‌మియా, నేను
తూఫాన్ బండి మాట్లాడుకొని
ములుగు దాటి, ఏటూరునాగారం దాటి,
ఎర్రగ ఉబ్బిన గోదారి దాటి
వెంకటాపురం అడవికి పోయినం,
ముత్యాలధార సూసొద్దామని.

తోవ సూపెట్టింది పూనెం ఇడమయ్య.
నా ఈడోడే. చేతిల కత్తి, కాళ్లకేం లేవు.
ఒకటే వాగు, మళ్ల మళ్ల దాటిచ్చిండు,
మూడోసారికే లెక్కబెట్టుడు ఇడిసిపెట్టిన.
కొంరెల్లి పిక్కకు జెలగ పడితే
బీడీ చించి పొగాకు రుద్దిండు,
మాట్లాడకుండనే ముందుకు నడిసిండు.
నీళ్ల సప్పుడు ఇంకా లేదు.

వెదురుపొద మలుపు కాడ
ఒక్కసారి ఆకులన్నీ మా దిక్కు తిరిగినై.
పచ్చిరాయి వాసన,
అంగీ సల్లగ పొట్టకు అతుక్కుంది.
ఆగిపోయిన.
"వచ్చినై" అన్న.
ఏడున్నయిరా అని నవ్విండ్రు వాళ్లు.

తర్వాత కనబడ్డది.
ఎట్ల జెప్పాలె.
మెడ నొచ్చేదాక ఎత్తిన, కొస దొరకలే.
మబ్బు ఏడ అయిపోయిందో
నీళ్లు ఏడ మొదలైనయో
జాయింటు కనబడలే.
నల్లరాతి మెట్టుకు తగిలి
పిండయి, కలిసి, మళ్ల దుంకుతున్నై.
కొన్నైతే కింది దాక రాకుండనే
గాలిల కరిగిపోతున్నై.
అలవాటు కొద్ది లెక్కగట్టబోయిన:
ఎన్ని ఇంచుల లైను, గంటకెన్ని ట్యాంకులు,
మా వార్డుకు ఎన్నొద్దులు...
నోట్ల తుంపర్లు పడి లెక్క తప్పింది.
దీన్ని బందువెట్టే మనిషి లేడు.
నా కుడిచెయ్యి ఊకెనే
ఇనుము కోసం తడుముకుంటుంది.

ఖాదర్‌మియా గుండు మీద కూసుండి కండ్లు మూసిండు.
కొంరెల్లి ఇంటామెకు ఫోన్‌ల సూపెడుదామంటె
సిగ్నల్ లేదు.
పులిహోర తిన్నం.
"నీకేందే, ఇంత నీళ్లు" అన్న ఇడమయ్యతోని.
ఆయన పొట్లం కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు.
"శివరాత్రికి దారమైతది సార్.
మా గూడెంల బోరింగు
పోయినేడు సంది దగ్గుతంది."

తిరిగొచ్చేటప్పుడు ఆగినం.
ఇప్పచెట్టు పక్కన చిలుము పట్టిన పిడి.
ఓ ముసలవ్వ వాగునీళ్లను
కొంగుల వడగడుతుంది, తొందర లేకుండ.
బండిల పానాలు ఎప్పుడుంటయి.
విప్పిన. నలుగురం కలిసి రాడ్లు గుంజినం.
లోపటి వాచరు పండుటాకు తీరుగ చిరిగున్నది.
కొత్తది అడవిల ఏడ దొరుకుతది.
నా చెప్పు విప్పి
మడిమె కాడ గుండ్రంగ కోసిన.

పిడి కొట్టంగ కొట్టంగ
బుస్సుమన్నది.
అవ్వ కడవ పెట్టలే.
"ముందు గాలొస్తది" అన్న.
ఆమెకు నా తెలుగు రాదు, నాకు ఆమె కోయ రాదు.
ఎర్రనీళ్లు చెంబెడు వచ్చినై, ఆగినై.
మళ్ల కొట్టిన.
ఎన్నొద్దులుంటదో ఆ ముక్క,
నెలనో, పంట కోతల దాకనో.
అవ్వ కడవ జరిపింది.

సోమారం పొద్దుగాల
ఆ బొక్క చెప్పుతోనే గుంతకు వంగిన.
పదకొండు చుట్లు.
ఎవరో మిద్దె మీదికెల్లి ఒర్లుతున్నరు,
మొన్నటి వంతు ఏమాయెనని.
మడిమె కింద మట్టి సల్లగ తగులుతుంది.
నల్లా బుస్సుమన్నది.