ఒత్తు

నలభై ఏండ్లు బోర్డులు రాసిన.
అచ్చంపేట బస్టాండు కాడికెళ్లి
లింగాల రోడ్డు మలుపు దాకా
ఏ దుకాణం మీద నీలమేసినా, ఎర్రనీడ కొట్టినా
కింద మూలకు చిన్నగ ఉండేది నా పేరు:
కావలి ఆర్ట్స్.
ఇప్పుడా మూలలల్ల మేకులు దిగినయి.
మేకులకు ఫ్లెక్సీలు.

మిషన్ తెచ్చింది ఎవరో కాదు,
నా కాడ బ్రష్షులు కడిగిన పోరడే, శివలింగం.
కోపం రాలేదంటే అబద్ధం.
ఏండ్లకేండ్లు వాని దుకాణం ముందుకెళ్లి నడవలే,
చుట్టు తిరిగి కూరగాయల సందుల పోయిన.

చేతులూకుంటయా?
బడి పాతసామాన్ల వేలంల నల్లబోర్డు దొరికింది,
ఒక మూల పగిలింది.
రఫియా బేగం చాయ్ హోటల్ గోడకు ఆనిచ్చి
దినాం పొద్దుగాల ఒక దుకాణం గురించి రాస్తున్న.
సుద్దముక్కతోని. పైసల్లేవు, ఒక చాయ్.

ధరలు రాయ.
"అంజిలయ్య గుండీ కుట్టిండంటే
అంగీ చినగాలె గని గుండీ ఊడదు."
"ధర్మీబాయి అల్లంల మన్ను తూగదు, దులిపి తెస్తది."
"చెప్పుల ఎల్లప్ప ఇయాల రాడు, మనుమరాలికి జరం.
తెగినోళ్లు ఒక్కదినం పిన్నీసుతోని నడువుండ్రి."

బస్సుకు నిలవడ్డోళ్లు చదువుతరు, నవ్వుతరు.
ఎవడో ఒకడు రాత్రి మొత్తం తుడిచి
'ముసలోనికి పనిలెదు' అని రాసిపోయిండు.
దీర్ఘం మర్చిండు. నేనే దిద్దిన.

శ్రావణంల ఈదమ్మ గిర్ని మోటరు కాలింది.
సందంత మాడిన వాసన.
ఆమె మెట్టు మీద కూసోని
చేతులకు పిండి లేక, ఏం దులుపుకోవాల్నో తెల్వక
ఉత్తచేతులే దులుపుకుంటున్నది.
ఆ దినం నేను రాసింది గింతే:
"ఈదమ్మ గిర్ని ఆగింది. ఎనిమిది దినాలు.
ఆగగలిగినోళ్లు ఆగుండ్రి."

తెల్లారి ధర్మీబాయి తండకెళ్లి జొన్నల సంచి తెచ్చి
మూతేసిన గిర్ని ముందల పెట్టిపోయింది.
దానెనుక ఒక స్టీలు డబ్బా.
దానెనుక యూరియా సంచి, మూతికి చీరపేలిక.
మాపటాళ్లకు మలుపు దాకా లైను,
మనిషన్నోడు లేని లైను.
ఎవరిదేదో తెల్వాలె గద, పేర్లు రాయమన్నరు.
వొంగి వొంగి రాసిన, నడుము పట్టింది.
వైండింగ్ మహబూబ్ రాగితీగ పైసలే తీసుకున్నడు,
చేతికూలి పిండిల తీర్చుకుంట అన్నడు.

అందరు ఆగలే.
పసిపిల్లలున్నోళ్లు, చుట్టాలొచ్చినోళ్లు ఎట్ల ఆగుతరు?
మూడోనాడు మా ఇంట్లనే ప్యాకెట్ పిండి కనవడ్డది.
అడగలే. రొట్టె తిన్న.

తొమ్మిదోనాడు బెల్టు తిరిగింది.
సందంత తెల్లగ దగ్గింది.

ఆ రాత్రి హోటల్ మూసే యాళ్లకు
శివలింగం వచ్చిండు, చేతుల సుద్దల డబ్బా.
జరసేపు నేలచూపులు చూసి
"కాకా," అన్నడు, "కంప్యూటర్ల మన ఊరి పేరు కొడితే
ఒత్తు విరుగుతున్నది.
కిందుండాల్సిన చ పక్కకు జరిగి నిలవడుతున్నది.
ఎట్ల కూసోవెట్టాలె?"

కంప్యూటరు సంగతి నాకేం తెలుసు?
బోర్డు తుడిచి, చెయ్యి వట్టి రాపిచ్చిన.
పైది రాసేటప్పుడే కిందిదానికి జాగ విడువు, బిడ్డా.
కిందిది చిన్నగుంటది, ఎవరూ దాన్ని చదువరు.
అది లేకుంట ఉప్పు అమ్మి చూడు,
పప్పు అమ్మి చూడు, జొన్న, రొట్టె, అల్లం, చెప్పులు.
ఆఖరికి అప్పు సుత పుట్టదు.
వాడు నవ్విండు.
నవ్వుల సుత ఉన్నది చూడు, అన్న.

పొద్దుగాల తుడువబుద్ధి కాలే.
వాడు రాసిన చ, దాని కింద వంకరగ ఇంకో చ,
బోర్డు మీద అట్లనే ఉన్నయి.
బస్సుకు నిలవడ్డోళ్లు మెడలు వంచి చూస్తున్నరు.
రఫియా చాయ్ అందిచ్చుకుంట అడిగింది:
"ఇయాల ఏ దుకాణం, కాకా?"

ఫ్లెక్సీలది, అన్న.
పోరడు నేర్సుకుంటున్నడు.