లంగరు

కావలిలో కేబుల్ చానెల్. రెండు గదులు, ఒక నీలం తెర.
తలుపు మీద అతికించిన కాగితంలో
కొమారి సువర్చల, కింద
యాంకర్.

మొదటి జీతంతో జువ్వలదిన్నె పోయి
మామకి చొక్కా గుడ్డ ఇస్తే, గుడ్డ చూళ్ళేదు.
"ఏం పనిమ్మే నీది?" అన్నాడు
చిరిగిన వల మీద నించి తలెత్తకుండా.
యాంకర్ అన్నా.
"అంటే?"

అంటే ఏమని చెప్పేది?
మా ఎడిటర్ వ్యాఖ్యాత అంటాడు.
అది ఎవరి పద్యానికో టీక రాసే పంతులు మాట.
రేడియోలో పనిచేసిన పెద్దాయన ఒకరు ప్రయోక్త అనేవారు.
నోట్లో కట్టుడు పన్ను లాగా ఆడుతుంది.
నిఘంటువు తీస్తే లంగరు.
వేరు తవ్వితే గ్రీకులో వంకర, కొక్కెం వంపు.
ఆ లంగరైనా మనదా? పారసీ మాట,
ఏ ఓడలోనో వచ్చి మన నాలిక మీద దిగి
ఇంక కదల్లేదు.

ఇదంతా చెప్పలా. లంగరు మామా, అన్నా.
నవ్వాడు, దగ్గొచ్చిందాకా.
"లంగరు యాడన్నా మాట్టాడతాదంటే?
అది బురదలో ముక్కు గుచ్చుకోని పడుంటాది.
నువ్వేమో పౌడరేసుకోని పైన కూచోనుండావు."

బీడీ ఆరిపోయినాక, వల్లోకి చూస్తానే:
"ఇనప బరువుకి ఆగదుమే పడవ.
తాడు పొడుగుండాల, లోతుకి నాలుగైదింతలు.
కింద మట్టికి పట్టుండాల.
పట్టు లేని చోట ఎంత లంగరైనా
దున్నుకుంటా పోతాది."

కార్తీకంలో వాయుగుండం.
రాత్రి ఎనిమిదికి, రాసిచ్చింది రాసిచ్చినట్టే చదివా:
మత్స్యకారులు సముద్రంలోకి వెళ్ళరాదని
అధికారులు హెచ్చరించారు.
ఇంకోసారి చదివా.
మాట ఇసకలో జారతా ఉంది.
కాగితం పక్కన బెట్టి
"పోలేరయ్య మామా, బోటు తియ్యబాక" అన్నా.
అద్దం అవతల ఎడిటర్ రెండు చేతులూ ఊపాడు.

మూడో రోజుకి ఫోను కలిసింది.
"కరెంటు ముందే పోయె, నీ మొగం యాడ చూశా.
తూరుపీధి చెల్లాయమ్మకి ఇన్వర్టరుందిగా,
వానలో అరుస్తా వచ్చింది,
నీ మేనగోడలు నిన్ను పేరు పెట్టి పిలస్తుండాదని."

గాలి చప్పుడు కాసేపు.

"రేవంతా నన్ను చూసి నవ్వుతుండారుమే."

తప్పయిపోయింది మామా, అన్నా.

"నవ్వనీలే. నవ్వేవోళ్ళందరూ
ఒడ్డునే ఉండారు."