చుక్కల గీత

టేపు ఒక కొస ఇద్వల్ చేతికిచ్చాను.
"సున్నా దగ్గర పట్టుకో, కదలకు."
గొర్రెలు పెంచుకునే మనిషి.
సున్నాను అంత భద్రంగా పట్టుకున్నవాణ్ణి
నేను మళ్ళీ చూడలేదు.

వేల్స్ కొండల మీద నవంబరు వాన.
ఇది గడ్డి దాచే కొట్టం.
దూలాలు అమ్మేశాడు,
కార్డిఫ్‌లో ఏదో హోటలు గోడకు అలంకారంగా.
విప్పేలోగా నాకు తొమ్మిది రోజులు,
ఒక నిచ్చెన, ఆరు పెన్సిళ్ళు.

గోడలకు చెవులుంటాయంటారు.
ఉంటే ఉండనీ, నాకు కావలసింది నోరు.
టార్చి ఎదురుగా పట్టకూడదు,
పక్కనుంచి, చెంపకు చెంప ఆనించినట్టు పట్టాలి.
అప్పుడు లేస్తాయి నీడలు:
ఎప్పుడో పూడ్చేసిన గుమ్మం అంచు,
ఉలి జారిన చోటు,
చెడు లోపలికి రాకుండా ఎవరో గీసిన ఆరు రేకుల పువ్వు,
నడుమ కంపాస్ ముల్లు గుచ్చిన బెజ్జంతో సహా.

మూడో రోజు
పైకెక్కి వాసాన్ని వేలితో రాశాను.
నల్లగా అంటింది.
గడ్డి కొట్టంలో పొయ్యి ఎవరు పెడతారు?
మసి పూసి మారేడుకాయ చేస్తారంటారు గానీ
ఇక్కడ మసే నిజం చెప్పింది.
ఇది ఇల్లు.
నేల నడిమధ్య నిప్పు, కప్పు సందుల్లోంచి పొగ,
చుట్టూ దగ్గుకుంటూ మనుషులు.

ఇద్వల్‌కి చెప్పాను.
టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు.
మర్నాటి నుంచి
బూట్లు తుడుచుకుని లోపలికొచ్చేవాడు.
అమ్మకం మాత్రం ఆగలేదు.
మేత అప్పుకు మసితో పనేముంది?

వాసాల జతల మీద వడ్రంగి అంకెలు.
ఒకటి, రెండు... ఆరు, ఏడు,
మళ్ళీ ఏడు.
రెండో ఏడు కింద, తరవాత చెక్కిన చిన్న తోక.

చూసినదానికి నిండు గీత,
ఊహకు చుక్కల గీత.
మా పనిలో నీతి అదొక్కటే.
తోకకు నిండు గీత వేశాను.
లేని గుమ్మానికి, కూలిన మెట్లకు చుక్కలు పెట్టాను.
లెక్క తప్పిన కుర్రాడికీ,
వాణ్ణి తిట్టాడో, నవ్వేశాడో తెలియని మేస్త్రీకీ
ఏ గీత వేయాలో
ఎవరూ నేర్పలేదు.

దూలంలోంచి తొలిచి తీసిన పుల్ల
పరీక్షకు పంపాను, పెన్సిలంత లావు.
జవాబు వేసవిలో వచ్చింది:
బెరడు అంచు మిగిలుంది గనక చెప్పగలం,
అయిదు వందల యాభై ఏళ్ళ కిందట
ఒక చలికాలం నరికిన ఓక్ చెట్టు.
అప్పటికే అక్కడ కొట్టం లేదు.

కాగితాలు పట్టుకుని వెళ్ళాను.
వంటింటి బల్ల మీద పరిచాం,
ఒక మూల ఉప్పు సీసా, ఒక మూల అతని మోచెయ్యి.
చాలాసేపు వెతికి
గోడ మొదట్లో వేలు పెట్టాడు.
"హెలెద్, నేను పట్టుకున్నది ఇక్కడే కదూ?"

అక్కడే.
కిటికీలోంచి కనిపిస్తోంది ఆ చోటు.
దురదగొండి మొలిచింది,
ఒక గొర్రె నిలబడి ఉంది.