సలుపు

నాలుగో సంవత్సరం వేసవి సెలవులు.
గుంటూరు పెద్దాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు.
నా తెల్లకోటు జేబు మీద కాలేజీ పేరు
రష్యన్ అక్షరాల్లో.
హెడ్‌నర్సు చదవబోయి, మానేసి,
"బిష్కెక్ పిల్లా, ఇట్రా" అంది.
రెండో రోజుకి వార్డంతా అదే పిలుపు.
స్వీపరమ్మ దాన్ని ఇంకాస్త నమిలి
"బిస్కెట్ పాప" చేసేసింది.

పదిహేడో మంచం మీద నాగూరమ్మ.
మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు
తొడాలు తుంచిన చేతులు.
నాడి చూద్దామని పట్టుకుని
మరుపున కన్ను నులుముకున్నాను.
ఆ పూటంతా ఒంటికంటితోనే వైద్యం.

"ఎక్కడమ్మా నొప్పి?"
"నొప్పి కాదు తల్లే."
"మరి?"
"సలుపు."

కలం ఆగింది.
"అంటే... పోటా?"

పోటైతే పొడిచి పోద్ది, అంది,
అప్పులోడు గుమ్మంలో అరిచి పోయినట్టు.
ఇది అట్టా కాదు. లోపలే కాపురం పెట్టింది.
తెల్లారగట్ల మూడింటికి లేచి
ఎవురూ వినకుండా రోలు తిప్పుతుంటది.
తీపు అంటావా, అది కాళ్ళది, పనిది,
నిద్రపోతే దిగుద్ది.
మంట సంగతి నాకు చెప్పమాక.

నాలుగేళ్ళు చదివాను.
గుండెకు ఎన్ని గదులో, ఏ గదికి ఏ తలుపో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
ఈ మాటల మధ్య గోడలు మాత్రం
ఎవరూ చూపించలేదు.
మా ఇంట్లో ఎవరో అనే ఉంటారు,
నేను టీవీ సౌండు పెంచి ఉంటాను.

బ్రాడీపేట కన్సల్టెన్సీలో ఏసీ కింద కూచోబెట్టి
"చదువంతా ఇంగ్లీషులోనే మేడమ్" అన్నాడాయన మా అమ్మతో.
రోగులు ఏ భాషలో మూలుగుతారో చెప్పలేదు.
మేమూ అడగలేదు.
ఫీజు కట్టాక ఒక పెన్నూ,
సూట్‌కేసుకు కట్టే ట్యాగూ ఇచ్చాడు.

అక్కడ మొదటి చలికాలం
రష్యన్ మేడమ్ వరండాలో నిలబెట్టి వల్లె వేయించేది:
గ్దే బోలీత్? గ్దే బోలీత్?
ఎక్కడ నొప్పి, ఎక్కడ నొప్పి.
మా నోటి ఆవిరి కిటికీ అద్దాలకి పట్టేది.
ఆ ఒక్క వాక్యంతో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాం.
తలకి, కాలికి, కాన్పుకి,
అన్నిటికీ బోలీత్.

కిందటి మార్చిలో ఒక ముసలామె.
కొండల మీద గుర్రాలు కాచుకునే ఊరినుంచి
మనవడు దించి వెళ్ళాడు.
నేను గ్దే బోలీత్ అన్నాను.
ఆమె ఆ మాటను పక్కకు నెట్టేసి
రొమ్ము మీద అరచెయ్యి ఆనించి
మెల్లగా, చాలా మెల్లగా, సున్నా చుట్టినట్టు తిప్పి
తన భాషలో "సిజ్దాయిత్" అంది.
నర్సు వైపు చూశాను.
"బోలీత్ అనే రాసుకో."
రాసుకున్నాను.
ముసలామె నా కాగితంలోకి తొంగిచూసి,
చదువు రాకపోయినా,
అది కాదన్నట్టు తల తిప్పింది.

నాగూరమ్మ అరచెయ్యి
ఇప్పుడు తిప్పుతున్నది ఆ సున్నానే.

తప్పు అడ్రసుకి పోయిన పార్సిలు
ఊళ్ళన్నీ తిరిగి చేతికొచ్చినట్టు
ఆ మార్చి నెల నాకు ఇక్కడ అందింది.
ఆమె మంచం నంబరు ఎంతో
ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

డ్యూటీ డాక్టరు గారు వచ్చి
కేసుషీటు మీద ఇంగ్లీషులో ఒక్క ముక్క గీకి
స్కానింగుకి పంపమన్నారు.
ఆ ముక్క కింద పెన్సిల్‌తో
సలుపు, అని రాశాను.
తెల్లవారుజామున మూడింటికి, అని కూడా.
చూస్తే తిడతారేమో.

స్ట్రెచర్ కదులుతుంటే నాగూరమ్మ
నా కోటు అంచు పట్టుకుని ఆపింది.
"అక్కడ మిరపకాయ దొరుకుద్దా?"
దొరుకుతుందన్నాను. కారం ఉండదు.
"మరి ఏం తిని చదువుతున్నావే" అని
జాలిపడింది నా మీద,
లిఫ్టు తలుపులు మూసుకునేదాకా.