నడవలేనివాళ్ళు ఏడుగురు

ఈ తలుపు కొట్టింది మా నాన్న,
ముక్కలైన నావ చెక్కతో.
నలభై ఏళ్ళు మూడో తరగతి గదికి
లోపలికే తెరుచుకుంది.
వానలకి ఉబ్బేది. భీమేశం మాస్టారు భుజంతో తోసి
మమ్మల్నీ జల్లునీ ఒకేసారి లోపలికి రానిచ్చేవారు.

పిల్లలు చాలక బడి మూసేశారు.
ఇప్పుడు రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళ పసిబిడ్డల్ని
ఇదే గదిలో చూసుకుంటారట.
కాట్రేనికోన రోడ్డు మీద తెల్లారి అయిదింటికి
కంపెనీ బస్సు హారన్ కొడుతుంది,
నిద్రపోయే బిడ్డ ఒక చేతిలోంచి ఇంకో చేతికి
మారేంత సేపే ఆగుతుంది.

ఫైరాఫీసు నుంచి ఏసురత్నం గారొచ్చారు,
చంకలో అట్ట, చేతిలో టేపు.
తలుపుని రెండుసార్లు వేసి తీసి
"బయటికి తిప్పాలయ్యా దీన్ని.
పొగొస్తే అందరూ తలుపు మీదే పడతారు.
లోపలికి తెరుచుకునేదానికి
మనుషుల బరువే గడియ" అన్నారు.

నేను మడతబందులు లెక్కపెట్టుకున్నాను.

కిటికీ దగ్గర ఆగారు.
మూడో ఊచ మీద తుప్పు పట్టిన ఇనుప పట్టీ,
అది నా పుణ్యమే.
ఆ ఊచ వదులు చేసి తాటిముంజలకి దూకేవాణ్ణి.
పట్టుబడ్డ రోజు మాస్టారి బెత్తం విరిగింది,
నాన్నే వచ్చి పట్టీ బిగించాడు, నావైపు చూడకుండా.
"ఇవి కోసెయ్. తాళం లేకుండా తెరుచుకోవాలి,
మనిషి దూరేంత" అన్నారాయన.
నాకు నవ్వొచ్చింది. ఎందుకో ఆయన అడగలేదు.

కరుణమ్మ గారు అంబాజీపేట నించి
పీచు పరుపులు తెప్పించారు, చల్లగా ఉంటాయని.
ఆయన ఒక పోగు పీకి, ఆరుబయట
అగ్గిపుల్ల చూపించారు.
ఊదే లోపు వేళ్ళ దాకా వచ్చేసింది.
పీచు తాడు పేనుకుని బతికిన ఊరు మాది,
ఎవరం మాట్లాడలేదు.

పాలపొయ్యి విషయంలో మాత్రం ఆవిడ తగ్గలేదు.
"ఆకలేస్తే ఆగుతారాండి పిల్లలు?
వసారాలో ఉంటే ఏం?"
"దూరంగా రేకుల షెడ్డులో పెట్టుకోండమ్మా. నాలుగడుగులేగా."
"చంకన ఒకడు ఏడుస్తుంటే
మీరు నడిచి చూడండి, ఆ నాలుగడుగులు."
ఆయన నిజంగానే నడిచారు, పైకి లెక్కపెడుతూ.
ముప్పై ఒకటి.
షెడ్డు అక్కడే ఉండాలన్నారు.

ఆ తర్వాత అడిగారు:
"పిల్లలెందరు?"
"ఇరవై రెండు."
"నడవలేనివాళ్ళు?"
ఆవిడ వేళ్ళు మడిచారు. ఒక వేలు మళ్ళీ విప్పారు,
మొన్నే తప్పటడుగు వేసిన పిల్ల కోసం.
మళ్ళీ మడిచేశారు.
"ఏడుగురు."
"మధ్యాహ్నం మీరెంతమంది ఉంటారు?"
"భోజనం వేళ... నేనొక్కదాన్నే."
ఆయన ఆవిడ చేతులకేసి చూశారు.
రెండే ఉన్నాయి.
కాగితం మీద ఏదో రాసి కలానికి మూత పెట్టారు,
తిట్టలేదు.

బూలమ్మని ఆయాగా పెట్టారు.
నేను చక్రాల తొట్లు రెండు చేశాను,
తలుపు దాటేంత వెడల్పే.
దాటలేదు. గడప అడ్డం.
"గడప లేని గుమ్మం ఏం గుమ్మం!" అంది బూలమ్మ.
నేనే కోశాను.
చెక్క అడుగున, వెలుగు తగలని చోట,
నాన్న పెన్సిల్ గీత చెరగకుండా ఉంది.
రంపం దాని పక్కనుంచి పోనిచ్చాను.

నిన్న గంట కొట్టి చూశారు,
రైలే రాని ఊళ్ళో రైలుపట్టా ముక్క గంట.
నడిచేవాళ్ళు తాడు ముడులు పట్టుకుని నడిచారు,
తొట్లు దొర్లాయి,
జోయల్ అనేవాడు సగం దారిలో వెనక్కి పరిగెత్తాడు,
ఒంటి చెప్పు కోసం.
ఏసురత్నం గారు గడియారం చూసుకుని
"మళ్ళీ" అన్నారు.
సంతకం ఇంకా పెట్టలేదు.

సాయంత్రం ఉలి మర్చిపోయి తిరిగెళ్ళాను.
చెయ్యి అలవాటుగా తలుపుని తోసింది.
కదల్లేదు.
రెండోసారీ తోశాను.